సౌమ్య

అంకీసకు అసరల్లికి నడుమ, కల్వర్టు మీద
మిర్చి కూలోళ్ల ట్రాలీ తిరగబడ్డ రాత్రి
మరాఠీ, తెలుగు రెండూ వచ్చినోన్ని
అక్కడ నేనొక్కన్నే.
హోంగార్డును.
తుపాకి లేదు నాకు, టార్చి ఉంది.
రెండు భాషలున్నయి, వాటికి జీతం లేదు.

సంచులు పగిలినయి.
రోడ్డంత ఎండుమిర్చి. జీపు టైర్ల కింద నలిగి
గాలికి లేచి
అందరికీ ఒక్కటే దగ్గు.
సతారా నుంచి బదిలీ మీద వచ్చిన ఫౌజ్‌దార్ సాహెబ్
రుమాలు తడిపి కండ్లకు అద్దుకుంటున్నడు.
డిపార్ట్‌మెంటు మొత్తం ఏడ్వంగ చూసింది
నా సర్వీసుల ఆ ఒక్కనాడే.

ఏడుగురిని వరుసగ పండవెట్టి టార్పాలిన్ కప్పినం.
చుట్టూ తాడు కట్టినం,
ట్రాలీల సంచులు కదలకుంట కట్టిన తాడే అది.
అంబులెన్సు ఇంకా రాలే. ఊర్లు మాత్రం వచ్చినయి,
సెల్‌ఫోన్ల వెలుతురుల, పేర్లు పిలుసుకుంట.

తోకల రాజుబాయి నడిచి వచ్చింది,
చెప్పులు చేతుల పట్టుకొని. ఎందుకో, ఇప్పటికీ తెల్వది.
తాడు కింది నుంచి దూరింది.
మూడో మనిషి దగ్గర ఆగింది.
టార్పాలిన్ పొట్టిగుంది, పాదం బయటికి ఉంది,
మడమ పగుళ్లల్ల నల్లరేగడి.

"కాలు కదిలింది" అన్నది.
"మా సారయ్య కాలు కదిలింది, చూడున్రి సారు."

సాహెబ్ నా దిక్కు తిరిగిండు.
"కాయ్ మ్హణ్తే తీ?"
ఏమంటున్నదని.

పాయ్ హల్లా.
అంతే, రెండు మాటలు. చాయ్ చెప్పినంత సేపు పట్టదు.
నేను చెప్పలే.
ముందుగాల టార్చి కొట్టి ఆ పాదం చూసిన.
కదిలిందా, గాలికి టార్పాలిన్ కదిలిందా,
తేల్చుకొని చెప్దామనుకున్న.
ఎవడిచ్చిండు నాకా పెద్దరికం?
నడుమ మనిషి పని మాట దాటించుడు,
పడవోడు ఎక్కినోళ్ల నిజం తూకమేస్తడా
ప్రాణహితల?

ఆ లోపట ఆమె గొంతు లేచింది.
భాష రానోని చెవికి
బతిమిలాడుడు గూడ తిట్టు లెక్కనే ఉంటదేమో.
లాఠీ మణికట్టు మీద పడ్డది.
గాజులు పగిలినయి,
ఎండుమిర్చి తొక్కినప్పటి సప్పుడే.
రెండోది భుజం మీద.
మూడోది నేను చూడలే.
టార్చి ఆరిపోయింది.
ఆరిపోవుడు కాదు, ఆర్పిన.

సిరొంచ దవఖానల తెల్లారుజామున
డాక్టరు రాసిండు: తెచ్చేటప్పటికే ప్రాణం లేదు.
తెచ్చేటప్పటికే. మరి అంతకుముందు?
ఆ ప్రశ్న నాకు రెండు భాషలల్ల వస్తది,
రాత్రిపూట ఒకదాని వెనుక ఒకటి.

నాలుగో దినం కాయితమిచ్చి పంపిన్రు,
చదివి వినిపించి వేలిముద్ర తెమ్మని.
వాకిట్ల ఈతచాప మీద కూసున్నది.
సారయ్య చొక్కా దండెం మీద ఆరుతున్నది,
ఎవరు పిండిన్రో, ఇంకా ఎరుపు పోలే, మిర్చిదో ఏందో.
మరాఠీల ఉన్నది తెలుగుల చదువుకుంట పోయిన:
జనం ఎగబడ్డరు, పంచనామాకు అడ్డం వచ్చిన్రు,
గుంపును వెనుకకు జరుపుటానికి
సౌమ్య బలప్రయోగం చేయవలసి వచ్చింది.

ఆ మాటకు తెలుగు వెతకలే నేను.
రెండు దిక్కులా అదే మాట కదా అని వదిలేసిన.

ఆమె మనసు పెట్టి విన్నది.
"సౌమ్య ఎవలు బిడ్డా?" అన్నది.
"ఆ పిల్ల గూడ ట్రాలీల ఉండెనా?
వాళ్లమ్మ వచ్చిందా, చూడనిచ్చిన్రా?"

కుడిచెయ్యి పట్టీల ఉంది. ఎడమది చాపింది.
స్టాంపు ప్యాడు ఎండిపోతే నీళ్లు చిలకరించిన.
ఆ వేలు పట్టుకొని కాయితం మీద ఒత్తింది నేనే,
నొప్పి కాకుంట.

గడప దాటుతుంటే వెనుక నుంచి మల్లా అడిగింది,
పిల్లది ఏ ఊరని.